చిన్నమామ పాస్ చేయించిన పరీక్ష

నేను పదో తరగతి పాసైంది మా చిన్నమామ అందించిన చిట్టీ వల్లేనని మా ఇంట్లో అందరూ నమ్మారు. ఆ చిట్టీ నాకు అందనే లేదు.

డెబ్బైలు ముగుస్తున్న రోజులవి. వరంగల్ కొత్తవాడలో మాది ఒక గది, ఒక మగ్గం ఉన్న ఇల్లు. బాపు జంపఖానాలు నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. మావాళ్లలో పదో తరగతి దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. మగ్గం చప్పుడులో వేరే పాఠాలు తలకెక్కేవి కావు గానీ లెక్కలు మాత్రం సాగేవి. అరుగు మీద కూర్చుని పలక నిండా చేసి, తుడిచి, మళ్లీ చేసేదాన్ని.

పరీక్ష సెంటరు వేరే బడిలో పడింది. అక్కడ పరీక్షంటే జాతరే. ప్రశ్నపత్రం ఎట్లాగో బయటికి పోయేది. చెట్ల కింద కూర్చుని ఎవరో జవాబులు రాస్తే, అన్నలూ మామలూ గోడలెక్కి వాటిని రాళ్లకు చుట్టి కిటికీల్లోంచి విసిరేవారు. లోపల సార్లు చూసీ చూడనట్టు తిరిగేవారు. మొదటి పరీక్షలకు నా కోసం ఎవరూ రాలేదు, రమ్మని నేనూ అడగలేదు. లెక్కల పరీక్ష అనేసరికి అమ్మకు భయం పట్టుకుంది. పరకాలలో పత్తి దుకాణంలో పనిచేసే తన తమ్ముడికి కబురు పంపింది. చిన్నమామ పొద్దుటి బస్సుకే దిగాడు.

నేను సగం లెక్కలు చేశాక కిటికీలో మామ ముఖం కనబడింది.

"బిడ్డా! ఇగో, పట్టు!"

రాయి వచ్చి ముందు బెంచీ దగ్గర పడింది. ఆ బెంచీ పిల్ల చటుక్కున దాన్ని ఓణీలో దాచుకుంది. బయట లాఠీ దెబ్బ వినపడింది, మామ ముఖం మాయమైంది. నేను తల వంచుకుని మిగిలిన లెక్కలు చేశాను.

ఇంటికొచ్చేసరికి మామ మణికట్టు వాచి ఉంది. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తోంది.

"అందిందా బిడ్డా?" అన్నాడు మామ, నొప్పి మరిచిపోయి.

ఆ చెయ్యి చూస్తూ లేదనలేకపోయాను. తల ఊపాను.

"చూసినవా అక్కా! దెబ్బ పడితే పడ్డది గని, పనైంది."

నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. పేపర్లో నంబరు చూసి బాపు మగ్గం ఆపి, వాడకట్టంతా తిరిగి చెప్పాడు. "మా బామ్మర్ది చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు, పోరి ఫస్ట్ క్లాసుల పాసైంది." ఆ మాటలో నేను చివర్లో వచ్చేదాన్ని.

ఉండబట్టలేక అమ్మకు చెప్పాను. "మామ ఏసిన చిట్టీ నాకు అందలే అమ్మా. లెక్కలు నేనే చేసిన."

కండె చుడుతున్న ఆమె చెయ్యి ఆగలేదు. "ఉండనీ తియ్యి బిడ్డా. వాడు ఇంటే గోసపడ్తడు. పాసైనవ్ గద, ఇంకేం ఫికర్?"

ఆమె నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు. తోటి పిల్లలకు చెబితే ఇంకా చెడింది. "అంటే మేం దొంగలమా?" అంది ఒకతె. ఆనాటి నుంచి ఎటు పోయినా వాళ్లు జట్టుగా ముందు నడిచేవారు, నేను వెనక.

కాలేజీలో లెక్కల సారు మొదటి రోజే ఏ సెంటరని ఒక్కొక్కరినీ అడిగాడు. నా వంతు రాగానే, "అచ్ఛా, ఆ సెంటర్ల గోడలు గూడ పాసైతయి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత జవాబు తెలిసినా నేను చెయ్యెత్తలేదు. తెలుసని అనుకుంటున్నానేమో, నిజానికి తెలియదేమో అనిపించేది. అంతమంది ఒకటే మాట అంటుంటే, ఆ చిట్టీ నిజంగానే నా బెంచీ మీద పడిందేమోనని కూడా ఒక్కోసారి అనుమానపడ్డాను. ఒక మధ్యాహ్నం ఆ పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని మళ్లీ చేశాను. అన్నీ వచ్చాయి. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. పలక తుడిచేశాను.

ఇంటర్ పరీక్షలకు కాపీలు పట్టే స్క్వాడ్ జీపు గేటు దగ్గరే ఉంది. చేసిన లెక్కనే కొట్టేసి మళ్లీ చేస్తూ టైము పోగొట్టుకున్నాను, సెకండ్ క్లాసు వచ్చింది. మామ వచ్చి, "ఈసారి నేను రాలే గద, గందుకే గిట్లయింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ట్రైనింగు చేసి బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరాను. నా పెళ్లిలో మామ మా ఆయన్ను కూర్చోబెట్టి ఆ కథ చెప్పాడు. అప్పటికి పోలీసులు ఇద్దరయ్యారు, గోడ ఎత్తు కూడా పెరిగింది.

ఎనభైలు ముగిసేలోపే మామ జబ్బుపడ్డాడు. పెద్ద దవాఖానలో ఆయన పక్కన నేనొక్కదాన్నే ఉన్న రోజు, ఇప్పుడైనా చెబుదామనుకున్నాను. ఇంతలో సూది వేయడానికి నర్సు వచ్చింది.

"ఈ పంతులమ్మ మా అక్క బిడ్డ" అన్నాడు మామ, ఆయాసపడుతూనే. "నేనే పాస్ చేపిచ్చిన."

నర్సు నా వైపు చూసి, "అవునా అమ్మా?" అంది.

"అవును" అన్నాను.