చిట్టెలుక కుడి చెవి

నిన్న కుప్పంలో మా కాలేజీ ప్రయోగశాల తలుపు తీయగానే చిట్టెలుకల పంజరాల్లోని తడిసిన రంపప్పొట్టు వాసన గుప్పుమంది. మదనపల్లెలో నాకు పరిశోధన నేర్పిన సరోజమ్మ మేడం గుర్తొచ్చారు. పుంగనూరు మనిషి. తన నీడను కూడా నమ్మేవారు కాదు. నేను ఏ లెక్క చూపించినా "ఇంకోసారి సూడు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నాలో అంతకంటే చెడ్డ అనుమానం ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఆడ చిట్టెలుకల్లో పాలగ్రంథి ఎలా పెరుగుతుందన్నది నా పని. అండాశయాలు తీసేస్తే గ్రంథిలోని నాళాలు మోడుకొమ్మల్లా ఉండిపోతాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఎక్కిస్తే కొత్త కొమ్మలు వేస్తాయి. అన్నీ ఒకే పంజరంలో ఉండేవి కాబట్టి, హార్మోన్ ఇవ్వాల్సినవాటికి కుడి చెవికి, ఇవ్వకూడనివాటికి ఎడమ చెవికి గాటు పెట్టించాం. పెట్టింది వాటిని సాకే గంగులప్ప. కురబలకోట వైపు గొర్రెలు మేపే ఇంటి మనిషి, టెంపరరీ ఉద్యోగం. రోజూ సూదులు వేసింది నేను. చివర్లో ఆయన గాట్లు చూసి కుడి, ఎడమ అని చెబుతుంటే గ్రంథులు తీసి చీటీలు రాసుకున్నాను. గ్రంథులకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూద్దును కదా, అంతా తలకిందులు! హార్మోన్ ఇవ్వనివే గుబురుగా కొమ్మలేశాయి.

నా రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. గంగులప్పే ఏదో చేశాడనుకున్నాను. నన్ను చూస్తే తలొంచుకుని పోయేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా అనుకున్నాను. నిజానికి ఆయన అందరి ముందూ అంతే. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయమని కాగితం రాసి మేడం ముందు పెట్టాను.

మేడం ఆయన్ని పిలిపించి, బల్ల మీద ఒక ఎలుకను వదిలారు.

"దీని కుడి చెవి సూపించప్పా."

గంగులప్ప దాని వెనక నిలబడి, తన కుడిచేతి వైపున్న చెవి ముట్టుకున్నాడు. "మంద ఎనక నడిచేటోళ్లం గదమ్మా, ఎనక నించే సూస్తాము."

"నువ్వు సూపించు," అన్నారు నాతో.

సూది వేసేటప్పటిలాగే ఎలుకను మెడ దగ్గర పట్టి, నా ముఖానికి ఎదురుగా తిప్పుకుని, నా కుడివైపున్న చెవి చూపించాను. అది దాని ఎడమ చెవి. సూదులు నా కుడి చూసి వేశాను, చీటీలు ఆయన చెప్పిన కుడి ప్రకారం రాశాను. హార్మోన్ అంతా ఇవ్వకూడనివాటికే ఎక్కించాను!

"రాసేముందు ఆయన్ని అడిగినావా?"

"లేదు మేడం."

"అట్లయితే ఈ కాగితం నువ్వే ఆయనకు సదివి ఇనిపించు."

సిగ్గుతో చచ్చిపోతూ చదివాను. గంగులప్ప చివరిదాకా విన్నాడు. "ఉద్యోగం పోతే ఇంగోటి సూసుకుంటాలేమ్మా. నేను అట్లాంటోణ్నని ఎందుకు అనుకుంటివి?"

ప్రయోగం మళ్లీ మొదటినుంచీ చేశాను. గంగులప్పే ఎలుకల్ని సాకాడు, ఏ లోటూ చేయలేదు. అయితే ఆ రోజు తర్వాత నన్ను ఒక్కసారి కూడా అమ్మా అనలేదు, మేడం అనే పిలిచాడు.

ఇప్పుడు ఏదైనా తప్పు జరిగితే ముందు నా చేతుల్నే అనుమానిస్తాను. ఇక్కడ కుప్పంలో పిల్లలంతా నన్ను మేడం అనే పిలుస్తారు. మర్యాదకే. అలా పిలిచిన ప్రతిసారీ ఏం తప్పు చేశానా అని ఉలిక్కిపడతాను.