కిటికీ బయట మా మేనత్త

నా చిన్నప్పుడు మా ఊళ్ళో బడికి పోవడమంటే పోయి కూర్చోవడమే. తెలుగు రాష్ట్రం సరిహద్దుకు ఆవల, మరైగూడ దాటి అడవిలోకి కాస్త లోపలికుంటుంది మా ఊరు. ఇంట్లో మా దోర్లీ భాష, సంతలో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగాం. బడిలో గురూజీది రాయపూర్ వైపు. ఆయనకు హిందీ తప్ప వేరే ముక్క రాదు, మాకు హిందీ తప్ప అన్నీ వచ్చు. ఆయన బోర్డు మీద ఏదో రాస్తాడు, మేం చూస్తాం. ఆయన అరుస్తాడు, మేం చేతులు కట్టుకుంటాం. గంట కొట్టగానే పరుగో పరుగు. దీన్ని చదువంటారట!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలి కోసం బడుల ఆఫీసు నుంచి ఒకాయన మోటారుసైకిలేసుకుని వచ్చాడు. అది ఏడాదిపాటు బడికి పోయింది. ఆ తర్వాత మా కోడలు దాన్ని మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలు బడిలో ఉండి తీరాలని చట్టం ఉందని చెప్పాడాయన. మంచిదే, ఉండనీ. మరి ఇంట్లో చదివిస్తే నేరమా అని కోడలు అడిగింది. నేరమని రాసి లేదట, పరవాలేదని కూడా రాసి లేదట. మరి ఏం చేయమంటావు నాయనా అంటే, ముందు పేరు రాయించండమ్మా, హాజరు పడుతుంది అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా మారొద్దూ!

మా నాన్న కూడా నన్ను అలాగే మాన్పించాడు. రెండేళ్ళు బడికి పోయాక ఒక సాయంత్రం, ఏం నేర్చుకున్నవో చెప్పు బిడ్డా అని అడిగాడు. నేను లేచి, చేతులు కట్టుకుని, గొంతు చించుకుని "ఉపస్థిత్ గురూజీ!" అన్నాను. పేరు పిలిచినప్పుడు అనాల్సిన మాట అది. నాకు వచ్చిన హిందీ అంతా అదే. దాని అర్థం కూడా నాకు తెలియదు. నాన్న ముందు పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక, ఇక ఆ బడి చాలు అన్నాడు. మర్నాటి నుంచి నన్ను మా మేనత్త దగ్గర కూర్చోబెట్టాడు.

మా మేనత్తను తోంగ్‌పాల్‌లో ఇచ్చారు. భర్త పోయాక తిరిగి మా ఇంటికే వచ్చేసింది. రోడ్డు పక్క ఊరు కాబట్టి అక్కడ హిందీ బాగా పట్టుబడింది, నాలుగు అక్షరాలు కూడా నేర్చుకుంది. చింతపండు గింజలు తీస్తూనే నాకు పాఠం చెప్పేది. ఆమెకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ పడేది. అయినా ఆ కొన్ని నెలల్లోనే చదువంటే ఏమిటో నాకు కాస్త తెలిసింది.

అంతలో బడులు చూసే సాబు ఒకాయన ఊరికొచ్చాడు. పిల్లను బడికి పంపకపోతే కుంటలో ఉన్న పెద్దాఫీసుకు రావాల్సి ఉంటుందని నాన్నను బెదిరించాడు. అడవిలో ఎలుగుబంటికి ఎదురుపోయే మనిషి మా నాన్న, ఆఫీసు మాట వింటే మాత్రం ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. నేను బడికి పోనని గుంజ పట్టుకుని ఏడ్చాను. అప్పుడు మా మేనత్త కొంగు బిగించింది.

"ఏడుపు బంద్ చెయ్ పోరీ. నేను గూడ వస్త నడువు," అంది.

నిజంగానే వచ్చింది! నా వెనక నేల మీద చతికిలబడి, గురూజీ ఒక మాట చెప్పగానే దాన్ని మా మాటలో అందరికీ చెప్పేది. గురూజీ కోప్పడతాడనుకున్నాం. పాపం, ఆయన ప్రాణానికి హాయిగా ఉన్నట్టుంది, ఆమె కూర్చోవడానికి పీట తెప్పించాడు. నాలుగు రోజులు కాకముందే ఆ సాబు మళ్ళీ దిగాడు. పెద్దవాళ్ళు తరగతిలో కూర్చోవడానికి రూలు లేదన్నాడు.

మా మేనత్త లేచి నిలబడింది. "పిల్ల రావాలని రూలున్నది గద సాబ్, పిల్లకు సమజ్ కావాలని రూలు లేదా?"

 ఆయన తలుపు వైపు చెయ్యి చూపించాడు.

అది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎండ ముదరకముందే ఏరుకోవాలి. లేకపోతే మేకలూ ఆవులూ మిగల్చవు. ఏడాదికి సరిపడా ఉప్పూ నూనే బట్టా అన్నీ ఆ పువ్వు అమ్మితేనే వచ్చేవి. సర్కారు ఏం చేసిందయ్యా అంటే, ఎండాకాలమని బడిని సరిగ్గా ఆ పొద్దుటి పూటకే పెట్టింది. మా మేనత్త వంతుకు మంచి చెట్లు ఉండేవి. ఆమె మర్నాడు వాటి దగ్గరికి పోలేదు. వచ్చి కిటికీ బయట ఊచలు పట్టుకుని నిలబడింది.

గురూజీ ఆమెను చూశాడు. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. ఒక మాట చెప్పి బయటికి చూసి ఆగేవాడు, ఆమె చెప్పడం అయ్యాక ఇంకో మాట. ఆ రోజు పాఠం వాన గురించి. నీళ్ళు ఆవిరై పైకిపోయి మబ్బవుతాయట. నాకు ఉండబట్టలేదు. మబ్బు నిండా నీళ్ళుంటే అది కింద పడకుండా ఎట్లా నిలబడింది అని అడిగేశాను. మేనత్త కిటికీలోంచి దాన్ని హిందీలో చెప్పింది. గురూజీ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆ బడిలో ఆయన్ను ఎవరైనా ఏమైనా అడగడం అదే మొదలు. ఆయన కళ్ళు తడిశాయి. నా దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టి, కూర్చుని నిదానంగా జవాబు చెప్పాడు.

బడి వదిలాక ఇద్దరం చెట్ల దగ్గరికి పోయాం. మేకలు అంతా తినేశాయి. మా మేనత్త తలపట్టుకుని కూలబడింది. మేకల్ని తిట్టింది, సాబును తిట్టింది, ఆ రూలు రాసిన వాళ్ళ ఏడు తరాల్నీ తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. నాకు భయమేసి, రేపటి నుంచి రాకు అత్తా అన్నాను.

"నోర్ముయ్. రేపు ఏమడుగుతవో అది సోచాయించుకో," అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆ కాలమంతా ఆమె ఎండలో అలాగే నిలబడింది. ఆ ఏడు ఆమెకు కొత్తచీర లేదు.

చట్టం వద్దని నేననడం లేదు. చట్టం లేకపోతే సగంమంది ఆడపిల్లలు మేకల వెనకే ఉండేవాళ్ళు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఏ పిల్లను చూసినా నేను చూసేది ఒక్కటే, నోరు విప్పి ఏదైనా అడుగుతోందా లేదా అని. మా మనవరాలు బడికి పోయిన ఏడాదంతా ఇంటికొచ్చి ఇంత తిని గోడవైపు తిరిగి పడుకునేది. ఒక్క మాట అడిగింది లేదు. ఇప్పుడు పొద్దస్తమానం ప్రశ్నలతో వాళ్ళమ్మ ప్రాణాలు తోడేస్తోంది. ఆఫీసాయన మళ్ళీ వస్తానన్నాడు. రానీ. పేరు ఎక్కడ రాయమంటే అక్కడ రాయిస్తాం. ఆ పిల్ల నోరు మాత్రం మళ్ళీ మూతపడనివ్వను.