పొడుగైన నల్లపూసలు

పందొమ్మిదివందల అరవైల చివర్లో, మెడకు బిగుస్తున్నాయని నల్లపూసలు రెండుసార్లు పొడుగు చేయించాను. ఎండాకాలంలోనూ చలి వేసేది. మా ఊరి డాక్టరు నా మెడ చూడకుండానే "జబ్బేం లేదు, బద్ధకం" అన్నాడు. మా అత్త ఆ మాట పట్టుకుంది.

విజయనగరం బస్సులో పక్కన కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ కొత్త అతుకు చూసి అడిగింది. "నల్లపూసలు పొడుగు సేయించావేటమ్మా?"

"నా మెడతో నీకేటి పని?" అని కసిరాను.

ఆమె మరచెంబు అందించింది. "గుటకెయ్యి, సూస్తాను."

మింగాను. గుటకతో పాటు వాపు పైకి కదిలిందట. మా డాక్టరు బద్ధకమన్నాడని చెప్పాను.

"బద్దకం కాదమ్మా, థైరాయిడ్ జబ్బు. పెద్దాసుపత్రిలో సూపించుకో."

నాకు సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు.

పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో చలి పోయింది. డాక్టరన్న మాట, అత్త అన్న మాట మర్చిపోలేదు. నర్సమ్మను నేనన్న మాట కూడా.