ఉన్ని గొర్రెల దేశంలో

ఐర్లండ్‌లో నా మొదటి నెలలు ఇప్పుడు తలుచుకుంటే మంచులోంచి చూసినట్టే గుర్తొస్తాయి. నెల్లూరులో నర్సింగ్ చదివి, కొన్నేళ్లు అక్కడే ఆస్పత్రిలో చేసి, ఈ దేశపు పడమటి కొసన ఒక చిన్న ఊళ్లో వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వచ్చాను. ఇక్కడి వానకు చప్పుడు లేదు. గాలిలో తడి వేలాడుతూ ఉంటుంది, అంతే. పొద్దున బస్సు దిగి నడుస్తుంటే కొండలు ఒక్కొక్కటే బయటపడేవి. వాటిలో ఒకటి మా ఊరి వైపు ఉదయగిరి కొండలా తోచేది. పైన కోటగోడ ఎక్కడైనా ఉందేమోనని కళ్లు వెతికేవి. మంచు విడిపోతే పచ్చగడ్డి గుట్ట మిగిలేది.

మాది సీతారామపురం పక్కన పల్లె. నాయనకు గొర్రెల మంద ఉంది. ఎండాకాలం మా వైపు మేత అయిపోతే మందను తోలుకొని ఆత్మకూరు దాకా పోయి, కోతలైన వరిమళ్లలో ఆపేవాళ్లం. రైతుల చేలకు ఎరువు, మా జీవాలకు మేత. బడి సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. సాయంత్రం ఎండలో మంద మీద దుమ్ము పసుపు పొడిలా తేలుతుండేది.

ఆశ్రమంలో కిటికీ పక్క మంచం ఒక ముసలామెది. మతిమరుపు జబ్బు. వెనక గోడ అవతల మేసే గొర్రెలు ఆమె కొడుకువే. నన్ను చూడగానే రోజూ ఒకటే అడిగేది.

"వచ్చావా? గొర్రెల్ని తోలావా?"

మొదట్లో, నేను నర్సునని నెమ్మదిగా చెప్పేదాన్ని. ఆమె బెదిరిపోయేది. నన్ను తన చెల్లెలనుకుంటోందని కొడుకు చెప్పాడు. ఆ చెల్లెలు పోయి చాలా ఏళ్లయిందట. అప్పటి నుంచి, "తోలాను" అనడం మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకొని తృప్తిగా పడుకునేది.

నాయనకు వీడియో కాల్ చేసి కిటికీలోంచి గొర్రెల్ని చూపించాను.

"ఏందిమ్మా అవి? గొర్రెలేనా?"

"గొర్రెలే నాయనా."

"దుప్పట్లు కప్పుకున్నట్టుండాయే. కాళ్లు యాడుండాయి?"

మా గొర్రెలు పొడుగు కాళ్లవి, ఒంటి మీద ఉన్ని ఉండదు. నాయన చాలాసేపు చూశాడు. "మేతకేం కొదవ లేదులే. కానీ ఎవరూ కాపలా లేరేంది? ఒంటిగా మేస్తుండాయి," అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఎందుకో ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె మంచం ఖాళీగా కనిపించింది. వెనక తలుపు తీసి ఉంది. పరుగెత్తాను. రాతిగోడ దగ్గర, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతో, తుంపరలో నిలబడి ఉంది. రమ్మంటే రాదు. చెయ్యి పట్టుకుంటే విదిలించింది.

"గొర్రెలు లోపలికి రాలేదు. అవి రాకుండా నేనెట్లా వస్తాను?"

ఏం చెయ్యాలో తోచలేదు. నాలుక అంగిలికి ఆనించి, నాయన పిలిచినట్టు "ట్ర్ర్ర్... హోయ్" అని పిలిచాను. ఎన్నేళ్లయిందో అట్లా పిలిచి. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు.

ఆమె నన్ను వింతగా చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "అదేం పిలుపే? వాటికేం అర్థమవుతుంది?" అని, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి సన్నగా, సాగదీసి పిలిచింది. దూరంగా ఉన్న గొర్రెలన్నీ ఒక్కసారి తిరిగాయి. తడి గడ్డిలో తెల్లగా దొర్లుకుంటూ వచ్చి గోడకు ఆనుకున్నాయి. ఆమె చెయ్యి చాచి వాటి నుదుళ్లు తడుముతుంటే నేనూ చెయ్యి పెట్టాను. వేళ్లు ఉన్నిలో మణికట్టు దాకా మునిగిపోయాయి. లోపల ఎంత వెచ్చగా ఉందో.

"గేటు వెయ్యి," అంది. గోడలో ఉన్న చిన్న గేటుకు గడియ వేశాను. అప్పుడు నా భుజం పట్టుకొని లోపలికి నడిచింది. సీనియర్ నర్సు ఆమెకు పొడి మేజోళ్లు, నాకు ఒక తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

ఆ చలికాలంలోనే ఆమె నిద్రలో పోయింది. వసంతంలో ఆమె కొడుకు ఆశ్రమానికి వచ్చి, గొర్రెలు ఈనుతున్నాయి, చూడటానికి వస్తావా అని అడిగాడు. సెలవు రోజున వాళ్ల గొర్రెల కొట్టానికి పోయాను. ఒక గొర్రె కష్టపడుతుంటే చేతులు కడుక్కొని పక్కన కూర్చున్నాను. పిల్ల బయటపడ్డాక ముక్కులో జిగురు తీసి గడ్డితో తుడిచాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే ఆత్మకూరు దగ్గర అని చెప్పాను. ఆయనకు అదెక్కడో తెలియదు, అయినా తల ఊపాడు.

ఆయన టీ తేవడానికి వెళ్లాడు. కొట్టం రేకుల కప్పు మీద మొదటిసారి ఇక్కడి వాన చప్పుడు విన్నాను. నా ఒళ్లో ఉన్న గొర్రెపిల్ల వణకడం మానేసింది. గడ్డిమోపుకు ఆనుకొని ఎప్పుడు కునుకు తీశానో తెలియదు. కళ్లు తెరిచాక ఏ దేశంలో ఉన్నానో ఒక్క క్షణం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా లేవబుద్ధి కాలేదు.