పాత కారులో వెళ్లి, కొత్త కారులో తిరిగొచ్చాం

సెకండ్ హ్యాండ్‌లో కొని పదేళ్లుగా నడుపుతున్న మా జర్మన్ కారు వయసు పద్నాలుగు దాటింది. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదు, ఆ గడువు దగ్గరపడుతుంటే యజమానికి కునుకుండదు. ఉంచుకోవాలా, వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మేయాలా అన్నది తేల్చుకోలేకపోయాను. కాకిపిల్ల కాకికి ముద్దు. అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటుంది. రెండేళ్లుగా మా ఆవిడ పద్మజ ఎక్కడికి రమ్మన్నా "మీరు వెళ్లిరండి" అంటోంది. నాతో తిరగడమంటే విసుగు పుట్టిందేమోననుకున్నాను గానీ, అడగడానికి భయమేసింది. ఈలోగా గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శ్రీకాంత్, మా కరీంనగర్ మిత్రుడి కొడుకు, ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ కొన్నాడు. ఒకే దారిలో రెండూ నడిపి చూద్దామన్నాడు. పద్మజను బతిమాలి బయల్దేరదీశాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆర్కే పురం క్వార్టర్స్ నుంచి కదిలాం. ఏడుంబావుకు గురుగ్రామ్‌లో శ్రీకాంత్ తన కారుతో మా వెనక చేరాడు. సోహ్నా రోడ్డు బాగుంది, టోల్‌కు ఫాస్టాగ్ ఉంటే చాలు. మా బండి ఎంత వేగంలోనూ ఊగదు, స్టీరింగ్ బరువు చేతికి హాయిగా తెలుస్తుంది. "ఎలా ఉంది?" అన్నాను. "బాగానే ఉంది" అంది పద్మజ వెనక సీట్లోంచి. ఎనిమిదింటికి దమ్‌దమా సరస్సు చేరాం. ఆవిడ దిగి, తలుపు పట్టుకుని కాసేపు చుట్టూ చూసింది. ఎక్కడ ఆగినా అదే అలవాటు. చూడ్డం ఇంత ఇష్టమైన మనిషి రానంటుందేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

రాత్రి వానకు గట్టు పక్క దారి బురదైంది. మా కారు వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. శ్రీకాంత్ కారు నెమ్మదిగా ఎక్కేసింది.

"మీ బండి మంచిగనే ఉంది అంకుల్. గానీ బురదల నాలుగు చక్రాలు గుంజాలె" అన్నాడు.

తిరుగుదారిలో తాళాలు మార్చుకున్నాం. కొత్త కారు ఊరికే కూతలు పెడుతుంది, స్టీరింగ్ మరీ తేలిక. నాకు నచ్చలేదు. పదింటికి సోహ్నా దగ్గర దాబా ముందు ఆపాను. పరాఠా ఎనభై రూపాయలు, పెరుగు అందులోనే. "ఆయియే దీదీ" అని దాబా ఆయన పిలిచేసరికి పద్మజ అప్పటికే కుర్చీలో కూర్చునుంది.

"ఈసారి చుట్టూ చూడలేదేం?" అన్నాను.

"చూడ్డానికి నిలబడేదాన్నా ఏంటండీ? ఈ కారు సీటు ఎత్తు, మన కారుది లోతు. దిగాక నడుం నిటారయ్యేదాకా తలుపు పట్టుకోవాలి."

"రెండేళ్లుగానా? చెప్పొచ్చుగా."

"మీకా కారంటే ప్రాణం. చెబితే అమ్మేస్తారు. అందుకే రావడమే మానుకున్నాను."

పదేళ్లుగా ఆ ఇంజన్‌లో ఏ చిన్న తేడా వచ్చినా పట్టుకున్నవాణ్ని, వెనక సీట్లో మనిషి నొప్పిని మాత్రం సరదా అనుకున్నాను. చాలా సిగ్గేసింది. మా పాత కారు కొనడానికి ఈ వారం డెహ్రాడూన్ నుంచి మనిషి వస్తున్నాడు. జైపూర్ ఎప్పుడు వెళ్దామని పద్మజే అడిగింది. రెండు కార్లు పోల్చి చూడాలనుకునేవారికి ఒక్క మాట: వెనక కూర్చునేవాళ్లను గంటసేపు తిప్పండి. దిగాక ఎలా ఉందని అడగకండి, బాగానే ఉందంటారు. ఎలా నడుస్తున్నారో చూడండి.