కొమ్మ మారిందండీ

రెడ్డిగూడెం నర్సరీలో మామిడి అంట్లు కట్టే ఆయన చెవిలో ఎప్పుడూ ఒక బ్రిటిష్ మెటల్ బ్యాండే మోగుతుండేది. నాకూ ఆ బ్యాండంటే ప్రాణం. కానీ సింగర్ మారగానే అలిగి వినడం మానేశాను. ఆయన మాత్రం అందులోంచి ఎవరు వెళ్ళిపోయినా ఒకటే మాట అనేవారు: "కొమ్మ మారిందండీ. వేరు అదే."

చివరికి బ్యాండ్ పెట్టినవాళ్ళలో మిగిలిన ఒక్క గిటారిస్టూ తప్పుకున్నాడు. ఆ కబురు పట్టుకుని నర్సరీకి పరిగెత్తాను.

"వేరు కూడా పోయిందండీ!" అన్నాను, గెలిచినట్టు.

టెంక మొక్కకు చిన్నరసం పుల్ల ఆనించి, ప్లాస్టిక్ రిబ్బన్ చుట్టడం పూర్తిచేశారాయన. తర్వాత ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చేతికిచ్చారు.

"అయితే ఇక వేరు మనమేనండీ, వినేవాళ్ళం. మీరు ఎండిపోకండి."