ఆ డయోడ్‌కు నేనివ్వని అంకె

ఎనభైల మొదట్లో అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ట్యాక్సీల్లో పెట్టుకునే రేడియోలకు ట్రాన్స్‌మిటర్లు తయారుచేసేవాళ్ళం. అందులో నా వాటా పవర్ డిటెక్టర్. యాంటెన్నాకు పోయే పవర్‌లోంచి రవ్వంత పక్కకు తీసి, ఒక డయోడ్ గుండా పంపి, వచ్చే వోల్టేజీని బట్టి ఎంత పవర్ పోతోందో చెప్పే చిన్న సర్క్యూట్ అది. చిన్నదే, కానీ నా బతుకంతా దాని మీదే ఉంది. శుక్రవారం రివ్యూ నాటికి డిటెక్టర్ సరిగ్గా చదవకపోతే ప్రాజెక్టు మూసేస్తామని బాస్ చెప్పేశాడు. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది. గ్రీన్‌కార్డు ఫైలు కంపెనీ లాయరు దగ్గర సగంలో ఉంది.

బోర్డు చేయడానికి ముందే సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేషన్ పద్ధతి అప్పుడే మా కంపెనీకి వచ్చింది. ఆ విద్య నాకొక్కడికే వచ్చు, అందుకే నన్ను పెట్టుకున్నారు. టెర్మినల్ ముందు కూర్చుని ఏది దేనికి కలుస్తుందో ఒక్కో లైనూ టైపు చేసి, క్యూలో పెట్టి, నాలుగు గంటలు ఆగితే చారల కాగితం మీద గ్రాఫు వచ్చేది. నా గ్రాఫు ముచ్చటగా వచ్చింది. బోర్డు మాత్రం పై ఫ్రీక్వెన్సీల్లో మూడో వంతు తక్కువ చూపించింది.

ఆ బోర్డు సోల్డర్ చేసింది వియత్నాం నుంచి వచ్చిన టెక్నీషియన్. నాకంటే పదేళ్ళు పెద్దావిడ. మాట తక్కువ, చెయ్యి శుభ్రం.

"ఏది తప్పు, నీ కాగితమా, బోర్డా?" అని బాస్ అడిగాడు.

"సిమ్యులేషన్ క్లీన్‌గా ఉంది. సోల్డరింగ్ చెక్ చేయించండి," అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నది నాలాంటివాణ్ణి చూసే అనుంటారు. ఆవిడ మూడుసార్లు విప్పి మళ్ళీ అతికించింది. డయోడ్లు మార్చింది. మూడోసారి బోర్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి నెమ్మదిగా అంది. "కింది ఫ్రీక్వెన్సీలో కరెక్ట్‌గానే చదువుతోంది. నా సోల్డర్ బ్యాడ్ అయితే అక్కడ మాత్రం ఎలా చదువుతుంది? ఒకసారి మీ పేపర్ చూసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. పెద్ద చదువు చదివినవాణ్ణి కదా! "మీ పని మీరు చూసుకోండి," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మేమెవరమూ ప్రింటవుట్ మొదటి పేజీలు చదివేవాళ్ళం కాదు. చివరి గ్రాఫు చింపుకుని మిగతాది చెత్తబుట్టలో వేయడమే అలవాటు. గురువారం పొద్దున ఇంక ఏ దారీ తోచక, భయంతో, మొదటి పేజీ నుంచి వరసగా చదివాను. డయోడ్ గుణాలు అచ్చయిన చోట కెపాసిటెన్స్ ఎదురుగా సున్నా ఉంది. ఆ అంకె నేను ఇవ్వనేలేదు. ఇవ్వకపోతే ప్రోగ్రాం అడగదు, సున్నా అనుకుని ముందుకు పోతుంది. అసలు డయోడ్‌లో ఆ కెపాసిటెన్స్ ఎంతో కొంత ఉండితీరుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్ దాని గుండా దొంగదారిన జారిపోతుంది. రెండు నెలలుగా నేను లోకంలో లేని డయోడ్‌ను నడిపిస్తున్నాను.

డయోడ్ తయారీవాళ్ళ డేటాషీట్‌లో చూసి అంకె వేసి మళ్ళీ క్యూలో పెట్టాను. ఆ నాలుగు గంటలూ తప్పు నాది కాక ఇంకెక్కడైనా ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి గ్రాఫు వచ్చింది. ఆవిడ బోర్డు రీడింగ్ ఎక్కడ పడిపోయిందో గీత సరిగ్గా అక్కడే పడిపోయింది.

ఇంటికి వెళ్ళి నా భార్యకు అంతా చెప్పాను.

"మరి చెప్పేస్తే ఏమవుద్దండీ?" అంది.

"రెండు నెలలు తప్పు సర్క్యూట్ నడిపానంటే నన్నెందుకు ఉంచుకుంటారు? పెట్టె సర్దుకోవడమే."

"ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఇద్దరు."

మా ప్రార్థన కూటంలో పెద్దలకు ఫోన్ చేసి మీ ఉద్యోగం కోసం ప్రార్థన చేయమంటానని చెప్పి లేచి వెళ్ళింది.

శుక్రవారం ఆ కొత్త గ్రాఫు కాగితం మడిచి జేబులో పెట్టుకునే వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, ఇది నమ్మండి. నేను నోరు తెరిచేలోగా బాస్ అన్నాడు. "రివ్యూ ఒక వారం పోస్ట్‌పోన్ చేయించాను. ఆవిణ్ణి ఇందాకే పంపించేశాను. సోమవారం కొత్తతను జాయిన్ అవుతున్నాడు."

ఆవిడ ఇంకా పార్కింగ్ లాట్‌లోనే ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది, ఒక అట్టపెట్టెను కారు వెనక సీట్లో పెడుతోంది. ఒక్క మాట అంటే చాలు. జేబులోని కాగితం మీదికి చెయ్యి పోయింది. లాయరు దగ్గరున్న గ్రీన్‌కార్డు ఫైలు గుర్తొచ్చింది.

"ఓకే," అన్నాను.

ఆ జారిపోయే సిగ్నల్‌కు విరుగుడుగా డయోడ్ పక్కన ఒక చిన్న కాయిల్ చేర్చి, డ్రాయింగ్ మార్చి, కొత్తతనికి ఇచ్చాను. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. బోర్డు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ సరిగ్గా చదివింది. రివ్యూలో బాస్ అతని భుజం తట్టి, "చూశారా, చెయ్యి మారితే ఎంత తేడానో!" అన్నాడు. నేనూ తలూపాను.

ఆ ఆదివారం ఎడిసన్‌లో ఒకరింటి బేస్‌మెంట్‌లో మా తెలుగు కూటం జరిగింది. నా కోసం ఉపవాసమున్నవాళ్ళు కూడా వచ్చారు. లేచి, ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. నా దారిలో ఉన్న అడ్డును ప్రభువే తొలగించాడని చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నా పక్కన కూర్చున్న నా భార్య అనలేదు.